మొదటి మడత కెమెరా: ఏది బాగుచేసుకోవాలి, దేన్ని వేరే పనికి మళ్లించాలి

పాత మడత కెమెరా ఒకటి కొని బాగుచేసుకుందామనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు అడిగేది లెన్సు గురించి. టెస్సారా, సోలినారా (రెండూ లెన్సుల పేర్లే), కోటింగ్ ఉందా లేదా అని. నేను లెన్సును అన్నిటికంటే చివర చూస్తాను. మొదట చూసేది తిత్తి, అంటే కెమెరాకూ లెన్సుకూ మధ్య మడతలుగా ఉండే నల్లటి గొట్టం. తర్వాత, ఆ కెమెరాకు పట్టే ఫిల్ము ఇవాళ దొరుకుతుందా అన్నది. మూడోది షట్టరు, అంటే వెలుగును క్షణంపాటు లోపలికి వదిలి మూసుకునే రెక్కలు. ఈ మూడూ సరిగ్గా ఉంటే మామూలు లెన్సు కూడా మంచి బొమ్మ ఇస్తుంది. ఇవి లేకపోతే ఎంత గొప్ప లెన్సయినా అల్మారాలో ఉండిపోతుంది. ఏ కెమెరా ఎంచుకోవాలో ఈ వరసలోనే చెబుతాను.

మీట నొక్కగానే ముందు తలుపు తెరుచుకుని, హార్మోనియం తిత్తిలా మడతలున్న నల్లటి గొట్టం చివర లెన్సు ముందుకొచ్చి నిలబడేది మడత కెమెరా. మూసేస్తే కోటు జేబులో పడుతుంది. మన ఇళ్లలో చాలామందికి గుర్తుండే అగ్ఫా క్లిక్-3 ఈ జాతి కాదు, అది పెట్టె కెమెరా. మడత కెమెరాలు జర్మనీలో 1930ల నుంచి 1950ల చివరి దాకా విపరీతంగా తయారయ్యాయి. అందుకే ఇప్పటికీ పాత సామాన్ల సంతల్లో, ఆన్‌లైన్ వేలాల్లో కనిపిస్తుంటాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమేరాత్ బజార్‌లోనో కనబడితే చేతిలోకి తీసుకుని చూసే వీలుంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఫొటోలు, అమ్మేవారి మాటే దిక్కు. మొదటి కెమెరా మాత్రం చేతిలోకి తీసుకుని చూసి కొనడమే మంచిది.

ఫిల్ము దొరకని కెమెరా

120 అనే సైజు రోలు ఫిల్ము 1901లో వచ్చింది. ఇప్పటికీ తయారవుతోంది. ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5, ఎఫ్‌పీ4, కొడాక్ ట్రై-ఎక్స్, పోర్ట్రా, ఫోమాపాన్ అన్నీ 120లో దొరుకుతాయి. మన దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, కానీ దొరుకుతాయి. ఒక రోలుకు 6×9 సెంటీమీటర్ల బొమ్మలైతే 8, 6×6 అయితే 12, 6×4.5 అయితే 16 వస్తాయి. కొత్తవాళ్లు 120 కెమెరాకే పరిమితమవ్వడం మంచిది. ఈ ఒక్క నియమంతో సగం తప్పులు తప్పుతాయి.

620 దీనికి తోబుట్టువు లాంటిది. ఫిల్ము అదే, వెడల్పు అదే, ఫిల్ము చుట్టుకునే ఇరుసు మాత్రం సన్నం. కొడాక్ దాన్ని 1930ల మొదట్లో తెచ్చి 1995లో ఆపేసింది. కొడాక్ మానిటర్ సిక్స్-20, టూరిస్ట్ వంటి మడత కెమెరాలు ఈ ఫిల్ముతోనే నడుస్తాయి. 120 రోలు కొని, పూర్తి చీకట్లో దాన్ని 620 ఇరుసు మీదకు చుట్టుకోవచ్చు. పది నిమిషాల పనే, వెలుతురులో పాడైన రోలుతో రెండు మూడుసార్లు చేయి తిప్పుకుంటే అలవాటవుతుంది. కానీ 620 ఇరుసులు రెండైనా కావాలి. కెమెరాతో పాటు ఒక్కటీ రాకపోతే ఇరుసులు వెతుక్కోవడం వేరే పని అవుతుంది. 620 కెమెరా చవగ్గా దొరికి, లోపల ఇరుసు ఉంటే తీసుకోండి, లేదంటే వదిలేయండి.

116, 616 ఫిల్ములు 1984లో, 122 ఫిల్ము 1971లో ఆగిపోయాయి. వీటి కెమెరాలు చూడటానికి ఎంతో బాగుంటాయి. ఎర్రటి తిత్తులు, నికెలు మెరుపులు, చెక్క లోపళ్లు. వీటిని ఫొటో తీసే కెమెరాగా ఊహించుకుని కొనకండి. వేరే పనికి మళ్లించడానికి మాత్రం ఇంతకంటే మంచివి లేవు. దాని సంగతి కింద చెబుతాను.

35 మి.మీ. ఫిల్ముతో నడిచే మడత కెమెరా కావాలంటే కొడాక్ రెటీనా ఉంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, కొడాక్ కొనుక్కున్న నాగెల్ కర్మాగారంలో 1934లో మొదలైంది. ఇవాళ మనం వాడే 35 మి.మీ. డబ్బా దానితోనే వచ్చింది. తిత్తి చిన్నది, గట్టిది, చిల్లులు పడటం అరుదు. ష్నైడర్ లెన్సులు బాగుంటాయి. ఒక లెక్కన ఇదే అన్నిటికంటే తెలివైన కొనుగోలు అనిపిస్తుంది. కానీ బాగుచేసుకోవడం నేర్చుకోవడానికి ఇది సరైన బడి కాదు. లోపల యంత్రాంగం ఇరుకు. మీటతో ఫిల్ము తిప్పే తర్వాతి మోడళ్లలో షట్టరును సిద్ధం చేసే పళ్లకడ్డీ అరిగితే పని మొత్తం ఆగిపోతుంది. బొమ్మల లెక్క చూపే అంకె కూడా వెనక్కి నడుస్తుంది, 1 దగ్గరకొచ్చి లాక్ అయిపోతుంది. ఈ సంగతి తెలియక పాడైందనుకుని విప్పేసినవాళ్లున్నారు.

తిత్తి

పాత కెమెరాను బతికించడంలో మిగతావన్నీ ఓపికతో చేసే పనులు. తిత్తి మాత్రం ముందే తేల్చుకోవలసిన సంగతి. చీకటి గదిలోకి వెళ్లి, కెమెరా వెనక తలుపు తెరిచి, చిన్న ఎల్ఈడీ టార్చిని లోపల పెట్టి, బయటి నుంచి అన్ని వైపులా తిప్పి చూడండి. మడతలు కలిసే మూలల దగ్గర చుక్కల్లా వెలుగు కనబడితే అవే బెజ్జాలు. ఒక్కొక్కటీ బొమ్మ మీద ఒక తెల్ల మచ్చో, పొగమంచులాంటి చారో అవుతుంది. కొనేచోట చీకటి దొరకకపోతే కోటో, దుప్పటో కప్పుకుని చూసినా సరే. అమ్మేవాడు నవ్వినా ఫర్వాలేదు.

రెండు మూడు బెజ్జాలుంటే భయపడనక్కర్లేదు. నల్లటి ఫాబ్రిక్ రంగును సన్నటి బ్రష్షుతో మూల లోపలి వైపు పూసి, ఆరాక మళ్లీ ఒక పూత. పూర్తిగా ఆరకుండా కెమెరా మూస్తే మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి, తెరిచేటప్పుడు చినుగుతాయి. రెండు రోజులు తెరిచే ఉంచి, కాస్త టాల్కమ్ పౌడరు అద్ది మూయండి. మూల మొత్తం అరిగితే పూత నిలవదు, సన్నటి నల్ల గుడ్డముక్క అతికించాలి. నాలుగు మూలలూ జల్లెడలా ఉంటే తిత్తి మార్చాల్సిందే. కొత్త తిత్తి కుట్టడం నేర్చుకోదగ్గ పనే కానీ, మొదటి కెమెరాతో కాదు.

కంపెనీల మధ్య పెద్ద తేడా ఇక్కడే బయటపడుతుంది. అగ్ఫా ఐసోలెట్ మ్యూనిక్‌లో తయారైంది. చాలా అందమైన కెమెరా, సంతల్లో బాగా దొరుకుతుంది, లెన్సుల్లో సోలినార్ నాలుగు గాజుల మంచి లెన్సు. కానీ యుద్ధం తర్వాతి ఐసోలెట్లలో తిత్తి తోలుతో చేసింది కాదు, మూలల్లో చిల్లులు పడటం దానికి మామూలు. రెండో చిక్కు ఫోకస్ మరల్లో వాడిన గ్రీజు. అది డబ్బై ఏళ్లకు ఆకుపచ్చటి జిగురుగా గట్టిపడి, లెన్సు ముందు గాజును సిమెంటులా పట్టేస్తుంది. ఫోకస్ రింగు తిప్పితే ముందు గాజు ఒక్కటే తిరగాల్సింది పోయి, దాని వెనకున్న గాజు కూడా కలిసి ఊడి వస్తుంది. హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి, లైటరు పెట్రోలు చుక్కలు వేసి, రోజుల తరబడి కొద్దికొద్దిగా కదుపుతూ విడదీయాలి. ఓపిక ఉంటే విడివడుతుంది. బలం వాడితే మరలు పోతాయి.

జైస్ ఇకాన్ నెట్టార్, ఇకాంటా కెమెరాల తిత్తులు చాలావరకు ఇప్పటికీ బాగున్నాయి. తెరిచినప్పుడు లెన్సు పట్టుకునే ముందు చట్రం ఊగదు. ఈ ఊగకపోవడం ముఖ్యం, ఎందుకంటే చట్రం ఒకపక్కకు ఒరిగితే బొమ్మలో ఒక చివర స్పష్టంగా, రెండో చివర మసగ్గా వస్తుంది. మోడల్ అంకె చూసి సైజు చెప్పేయొచ్చు. గీత తర్వాత 16 ఉంటే 6×6, 2 ఉంటే 6×9. నెట్టార్ 517/16, 518/16 అంటే 6×6 అన్నమాట. నెట్టార్‌లో ఉండే నోవార్ మూడు గాజుల లెన్సు, ఇకాంటాలో కొన్నిటికి నాలుగు గాజుల టెస్సార్. లెన్సు రంధ్రం సైజును ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర పెట్టి తీసిన బొమ్మలను పక్కపక్కన పెట్టి తేడా చూపమంటే నేను చూపలేను. మన ఎండలో ఎప్పుడూ వాడేది ఆ రెండే. వెలుగుకు సున్నితత్వం ఐఎస్ఓ 100 ఉన్న ఫిల్ముకు మిట్టమధ్యాహ్నం ఎఫ్/11, 1/200 సెకను చాలు. నెట్టార్‌కు మూడే వేగాలున్న వేరియో షట్టరు వచ్చినా మనకు అదొక లోటు కాదు.

ఫాయిక్ట్‌లాండర్ పెర్కియో తిత్తి కూడా దృఢమైనదే. మూసినప్పుడు ఆశ్చర్యం కలిగించేంత చిన్నది, ప్రయాణానికి నాకు అన్నిటికంటే ఇష్టం. కలర్-స్కోపార్ లెన్సున్నది దొరికితే బొమ్మ నాణ్యతలో అనుమానం లేదు. పెర్కియో 2లో వెనక తలుపుకుండే ఎర్ర గాజు కిటికీలోంచి బొమ్మల అంకెలు చూస్తూ తిప్పే పని తక్కువ, ఫిల్ము తనంతట తాను ఆగుతుంది. దానివల్లే ఫిల్ము లేకుండా పరీక్షించేటప్పుడు మీట పనిచేయదు, పాడైందనుకోకండి. కానీ అరిగితే సరిచేయడం కష్టం కాబట్టి, రెండోదిగా తీసుకుంటే మేలు. అదే కంపెనీ బెస్సా 2 సేకరణకర్తల వస్తువు, దాన్ని నేర్చుకునేందుకు విప్పడం తగదు.

సోవియట్ మాస్క్వా-5 సంగతి కొద్దిగా. జైస్ సూపర్ ఇకాంటాను పోలిన కెమెరా, 1956 నుంచి 1960 దాకా క్రాస్నగోర్స్క్‌లో చేశారు. 105 మి.మీ. ఎఫ్/3.5 ఇండుస్తార్-24 లెన్సు, దూరం కొలిచే రేంజ్‌ఫైండరు, 6×9, 6×6 రెండూ. బరువు. బాగున్నది దొరికితే చాలా బాగుంటుంది. ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి చూడకుండా కొనవద్దు.

కాబట్టి నా మాట: మొదటిది నెట్టార్. ఐసోలెట్ చవగ్గా దొరికితే రెండోదిగా కొని, ఆకుపచ్చ గ్రీజు విడదీయడం నేర్చుకోండి. ఈ హాబీలో అంతకంటే మంచి పాఠం లేదు, కానీ ఆ పాఠానికి ముందు ఒక పనిచేసే కెమెరా చేతిలో ఉండాలి. లేకపోతే ఉత్సాహం నీరుగారిపోతుంది.

షట్టరు, ఫోకస్

షట్టరు పరీక్షకు పాతకాలంలో యంత్రాలు కావాల్సి వచ్చేది, ఇప్పుడు మీ ఫోను చాలు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో వెనక నుంచి వీడియో తీయండి. 1/25 సెకను దగ్గర షట్టరు పది ఫ్రేములపాటు తెరుచుకుని ఉండాలి. ఒక సెకను అంటే 240. నెమ్మది వేగాలు గురగురమంటూ మధ్యలో ఆగుతుంటే లోపల నూనె ఎండి జిగురైందని అర్థం. ముందు గాజు తీసి, లైటరు పెట్రోలును పత్తిపుల్లతో కొద్దికొద్దిగా పళ్లచక్రాలకు తగిలించి కడగాలి. ఆరాక మళ్లీ నూనె వేయకండి. మన ఊళ్లలో వాచీలు బాగుచేసేవారి దగ్గర మంచి స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, చూపు ఉంటాయి, నేను వాళ్ల దగ్గర కూర్చుని చాలా నేర్చుకున్నాను. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి: వాచీకి అలవాటుగా వేసే ఆ నూనె చుక్క కెమెరా షట్టరు రెక్కలకు చేరితే అవి అతుక్కుపోతాయి.

రెండు జాగ్రత్తలు. పాత షట్టర్లలో సెల్ఫ్ టైమర్ మీట ఉంటే ముట్టుకోకండి, మధ్యలో ఇరుక్కుంటే మొత్తం షట్టరు ఆగుతుంది. కాంపూర్-రాపిడ్ అనే షట్టరులో 1/500 సెకను వేగం పెట్టాలంటే షట్టరును సిద్ధం చేయక ముందే పెట్టాలి, తర్వాత కాదు. ఆ వేగానికి లోపల అదనపు స్ప్రింగు ఉంది.

ముందు గాజు విప్పేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. మర వదిలే చోటు గుర్తు పెట్టకుండా తీశాను. ఆ మరలు ఒకటి కంటే ఎక్కువ చోట్ల పట్టుకుంటాయి, తిరిగి వేరే మొదలు దగ్గర ఎక్కించాను, దూరపు బొమ్మ ఒక్కటీ స్పష్టంగా రాలేదు. ఒక రోలు అలా పోయింది. సూదితో రెండువైపులా సన్నటి గీత గీసి, వదిలేటప్పుడు ఏ గీత ఎక్కడుందో రాసుకోండి. తిరిగి బిగించాక ఫిల్ము నిలిచే పట్టాల మీద మసక టేపు అంటించి, షట్టరును బి (మీట నొక్కినంతసేపూ తెరిచే ఉండే వేగం) దగ్గర తెరిచి పట్టుకుని, దూరంగా ఉన్న సెల్ టవరునో, గుట్ట మీది గుడి గోపురాన్నో భూతద్దంతో చూడండి. అనంతం గుర్తు దగ్గర అది కత్తిలా కనబడాలి. కనబడకపోతే రింగు స్క్రూలు వదులు చేసి సరిచేయాలి. ఈ ఒక్క పని పక్కాగా చేస్తే నెట్టార్ ఇచ్చే బొమ్మ చూసి మీరే నమ్మరు.

లెన్సు చివర అన్నాను కదా. టార్చి వెలుగులో చూస్తే సాలెగూడులాంటి పోగులు కనబడితే అది ఫంగస్. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు తీరంలో ఉన్న కెమెరాలకు ఇది మామూలు. ఉపరితలం మీద ఉంటే శుభ్రం చేయొచ్చు, కోటింగు తినేసి ఉంటే మచ్చ ఉండిపోతుంది. రెండు గాజుల మధ్య అతుకు విడిపోయి ఇంద్రధనస్సు మెరుపు కనిపిస్తే వదిలేయండి. బాగున్న కెమెరాను తోలు సంచిలో దాచకండి, తేమను పట్టి ఉంచేది అదే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.

వేరే పనికి మళ్లించడం

తిత్తి జల్లెడ, ఫిల్ము దొరకదు, షట్టరు కదలదు. అలాంటిది మీ చేతికి వస్తే పారేయాల్సిన పనిలేదు. నాకొక నియమం ఉంది: 120 ఫిల్ము పట్టే కెమెరాను లెన్సు కోసం ఎప్పుడూ విప్పను. దాన్ని ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు బతికిస్తారు. మళ్లించాల్సింది ఫిల్ము లేనివాటిని.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది కొడాక్ పెద్ద పోస్ట్‌కార్డ్ కెమెరా 3ఎ గురించి. దాని ఫిల్ము 122, బొమ్మ 3¼×5½ అంగుళాలు. త్రీడీ ప్రింటరుతో చేసిన ఇరుసు అడాప్టర్లు వాడితే అందులో 120 ఫిల్ము కూర్చుంటుంది. వెడల్పు తక్కువ, పొడవు పూర్తిగా, అంటే దాదాపు 6×14 సెంటీమీటర్ల పనోరమా! ఎర్ర కిటికీలో అంకెలు సరిపోవు కాబట్టి ఎన్ని చుట్లు తిప్పాలో ముందే ఒక పాడైన రోలుతో లెక్కపెట్టుకోవాలి. ఇదే పనికి కొత్త పనోరమా కెమెరా కొనాలంటే ఎంత ఖర్చో చూస్తే, ఈ మళ్లింపు విలువ తెలుస్తుంది. కెమెరాకు ఎక్కడా చిల్లు పెట్టనక్కర్లేదు, మళ్లీ పూర్వస్థితికి తేవచ్చు. నాకు బాగా నచ్చింది ఇదే.

కాగితం నెగెటివ్ అన్నిటికంటే చవక. డార్క్‌రూమ్ ఫొటో పేపరును ఎర్ర వెలుగులో కత్తిరించి ఫిల్ము చోట పెట్టండి. సున్నితత్వం ఐఎస్ఓ 6 అటూఇటూ, కాబట్టి కెమెరాను బల్ల మీదో స్టాండు మీదో పెట్టి సెకన్ల లెక్కన తీయాలి. పేపరు డెవలపర్‌లో వేస్తే రెండు నిమిషాల్లో మీ కళ్ల ముందే నెగెటివ్ వస్తుంది. పిల్లలకు చూపించడానికి దీన్ని మించింది లేదు. తిత్తి బెజ్జాలు కూడా ఇక్కడ అంతగా బాధించవు, బొమ్మ తీసేటప్పుడు మాత్రం నల్లగుడ్డ కప్పితే సరి.

లెన్సును మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాకు తగిలించడం ఇంకో దారి. 75 లేదా 105 మి.మీ. లెన్సు కాబట్టి మధ్యలో హెలికాయిడ్ రింగు (ఫోకస్ కోసం లెన్సును ముందుకూ వెనక్కీ జరిపే మర గొట్టం) పెట్టేంత చోటు ఉంటుంది. కొడాక్ వెస్ట్ పాకెట్ చిన్న లెన్సుకు జపాన్‌లో ప్రత్యేకంగా అభిమానులున్నారు. దాని ముందున్న చిన్న అడ్డు తీసేస్తే బొమ్మ చుట్టూ వెన్నెల పరిచినట్టు మెత్తటి వెలుగు వస్తుంది. 1912లో వచ్చిన ఆ కెమెరా మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల జేబుల్లో తిరిగింది. 1924లో ఎవరెస్టుకు వెళ్లిన జార్జ్ మాలరీ బృందం దగ్గరా ఉండేది. 1999లో మాలరీ దేహం దొరికింది, కెమెరా దొరకలేదు. అది పట్టే 127 ఫిల్ము దొరకడం ఇప్పుడు కష్టం కాబట్టి, ఈ లెన్సుకు రెండో జీవితం ఇవ్వడం న్యాయమే అనిపిస్తుంది నాకు.

అప్పటికప్పుడే ఫొటో ఇచ్చే పోలరాయిడ్ ప్యాక్ ఫిల్ము మడత కెమెరాలు చవగ్గా కనబడతాయి, జాగ్రత్త. ఫ్యూజీ తన ప్యాక్ ఫిల్మును 2016లో ఆపేసింది. వాటిని ఫ్యూజీ ఇన్‌స్టాక్స్ తక్షణ ఫిల్ముకు మార్చడం చేయితిరిగినవాళ్ల పని. తక్షణ ఫొటో కావాలంటే 1972 నాటి పోలరాయిడ్ ఎస్ఎక్స్-70 వైపు చూడండి, దానికి ఫిల్ము ఇప్పటికీ తయారవుతోంది.

మడత కెమెరాను టేబుల్ ల్యాంపుగా మార్చినవి ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తాయి. అడుగున డ్రిల్లు పెట్టి వైరు దూర్చినది మళ్లీ కెమెరా కాలేదు. అలంకారానికి కావాలంటే షట్టరు ముక్కలైపోయిన కెమెరా ఎంచుకోండి, పనిచేసేదాన్ని కాదు.

ఇక మొదటి రోలు వేస్తున్నప్పుడు. ఎర్ర కిటికీ మీద నల్ల టేపు ముక్క వేసి, ఫిల్ము తిప్పేటప్పుడు నీడలో మాత్రమే ఎత్తండి, ఆ గాజు ఎర్ర వెలుగుకు స్పందించని పాతకాలపు ఫిల్ముకు చేసింది. కెమెరాను విసురుగా తెరవకండి. తిత్తి గాలి లాగినప్పుడు ఫిల్ము కూడా ముందుకు ఉబ్బుతుంది. ముందు తలుపును మెల్లగా తెరిచి, ఆ తర్వాత తిప్పితే ఫిల్ము బిగుసుకుని తన చోట నిలుస్తుంది. ఇంట్లో కడిగేటప్పుడు మే నెలలో కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి, డెవలపర్‌కు 20 డిగ్రీలు కావాలి. సీసాను ఐసునీళ్ల బేసిన్‌లో పెట్టి, థర్మామీటరు దిగాక మొదలుపెట్టండి.